సంతకానికి ముందు మాట చెప్పండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వైద్యం చేస్తున్న గౌరవనీయులైన డాక్టర్లకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు,



"పల్లెటూరి వాళ్లకి అన్నీ విప్పి చెబితే భయపడి పారిపోతారండీ. చెప్పినా అర్థం కాదు. సంతకం ఉంటే మనకి చాలు." మీలో ఒకరు ఈమధ్య నాతో అన్న మాట ఇది. ఆయన పేరు గానీ, ఆయన పనిచేసే ఆసుపత్రి పేరు గానీ ఇక్కడ రాయను. ఆయన చెడ్డ మనిషి కారు. హస్తవాసి మంచిదని పేరున్న సర్జన్. రోగులను మోసం చేసే డాక్టరు ఎవరైనా ఈ మాట అని ఉంటే కోప్పడి ఊరుకునేదాన్ని. మంచి డాక్టరు, ఏ తడబాటూ లేకుండా, ఇదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం ఆయన ఒక్కరికి కాకుండా మీ అందరికీ రాస్తున్నాను.

నేనుండేది శ్రీకూర్మంలో. గార మండలంలో ఎవరికి ఏ జబ్బు చేసినా ఆటో ఎక్కి శ్రీకాకుళం పోవాల్సిందే. అక్కడ పని కాకపోతే విశాఖపట్నం. ఆ ఆటోలో చాలాసార్లు ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ కూడా ఉంటాడు. ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో ముందే అతను నిర్ణయించి ఉంటాడు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం వైద్య వృత్తి నియమావళికి విరుద్ధమని 2002 నాటి మీ నిబంధనలే చెబుతున్నాయి. ఆ నిబంధన మీకు తెలియదా? మీ గుమ్మం ఎక్కక ముందే రోగికి ఎంచుకునే అవకాశం పోయిందన్న సంగతి మీకు తెలియదా? అలా వచ్చిన మనిషిని కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాల్సిన బాధ్యత మీ మీద ఇంకా ఎక్కువ ఉంటుంది కదా.

జరుగుతున్నది వేరు. ఆపరేషన్ ఉదయం నర్సమ్మ ఒక కాగితాల కట్ట తెస్తుంది. ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టి ఉంటాయి. చదువుకున్న వాళ్లయితే పెన్ను, చదువు లేకపోతే ఇంకు ప్యాడు. రోగికి అప్పటికే సెలైన్ ఎక్కుతూ ఉంటుంది. ఆమె పక్కన నిలబడ్డ మొగుడో కొడుకో చాలాసార్లు ఆమె తరఫున సంతకం పెట్టేస్తాడు. "ఏటి రాసుందో నాకేటి తెలుసు బాబూ, ఎక్కడెయ్యమంతే అక్కడ ఏలిముద్ర ఏసినాను" అని చెప్పిన ఆడవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో ఒకరిద్దరు కాదు. ఆ వేలిముద్రను మీరు సమ్మతి అంటున్నారు. దేనికి సమ్మతి? ఏం తీస్తున్నారో, ఎందుకు తీస్తున్నారో, తీయకపోతే ఏమవుతుందో, తీశాక ఏమవుతుందో, ఇంకో దారి ఉందో లేదో చెప్పకుండా తీసుకున్న వేలిముద్ర దేనికి ఒప్పుకున్నట్టు?

గర్భసంచి ఆపరేషన్ల సంగతే తీసుకుందాం. మన దగ్గర ఇది ఎంత మామూలు విషయమైపోయిందంటే, ముప్పై, ముప్పై అయిదేళ్ల స్త్రీ "నాకు సంచి తీసేశారు" అని చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆశ్చర్యపోవాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో మనదే ఎక్కువ. తెలంగాణ 7.7 శాతంతో మన వెనకే ఉంది. మన స్త్రీల గర్భాశయాలు మిగతా దేశం కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ జబ్బు పడుతున్నాయని మీలో ఎవరైనా నమ్ముతారా? దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయని అదే సర్వే చెప్పింది.

వీళ్లలో నిజంగా అవసరమై చేయించుకున్నవాళ్లు ఉన్నారు. క్యాన్సర్ వచ్చినవాళ్లు, మందులకు లొంగని రక్తస్రావంతో పాలిపోయినవాళ్లు, పెద్ద పెద్ద గడ్డలున్నవాళ్లు. వాళ్ల ప్రాణం నిలబెట్టింది మీరే. ఆ సంగతి మరచిపోయి మాట్లాడటం లేదు. నేనడిగేది మిగతావాళ్ల గురించి. తెల్లబట్ట అవుతోందని వస్తే, అది చాలాసార్లు మాత్రలతో తగ్గే ఇన్‌ఫెక్షన్ అని ఆమెకు ఎవరు చెప్పారు? నెలసరిలో ఎక్కువ పోతోందని వస్తే, ముందు మందులు వాడి చూడవచ్చని, లోపల అమర్చే హార్మోన్ సాధనం ఒకటుందని, గడ్డ ఒక్కటే తీసి సంచిని ఉంచే వీలు కూడా ఉంటుందని ఎవరు చెప్పారు? అండాశయాలు కూడా తీసేస్తే మర్నాటి నుంచే ఒంట్లో ముట్లుడిగిన దశ మొదలవుతుందని, ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల బలహీనత, గుండెకు ముప్పు ముందుగానే వస్తాయని ఎవరు చెప్పారు? ఆమెకు చెప్పింది ఒకటే: "సంచి పుచ్చిపోనాది, తియ్యకపోతే కేన్సరొస్తాది." ఆ మాట విన్న తల్లి ఏం చేస్తుంది? పుస్తెలు తాకట్టు పెడుతుంది. జీడిపప్పు ఒలిచో, చేపల గంప మోసో, కూలికి పోయో బతికే మనిషి, మళ్లీ బరువెత్తలేక, నడుం నొప్పులతో ఏళ్ల తరబడి మంచం పట్టినా "ఆపరేషన్ అయింది కదా, అంతే" అనుకుని ఊరుకుంటుంది. ఆ ఆపరేషన్ వల్ల ఆమె ఒంట్లో ఏం మారిందో ఆమెకు ఈనాటికీ తెలియదు.

భయపెట్టి తీసుకున్న ఒప్పుకోలును మీ మనస్సాక్షి ఒప్పుకుంటుందా?

సమీరా కోహ్లీ కేసు మీలో చాలామంది చదివే ఉంటారు. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత ఒకరు జబ్బేమిటో తెలుసుకోవడానికి లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి దగ్గర సంతకం తీసుకుని గర్భాశయం, అండాశయాలు, నాళాలు అన్నీ తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు సమ్మతి కాదంది. మేజరై, తెలివిలో ఉండగా నిర్ణయించుకోగల మనిషి బదులు ఇంకొకరు ఒప్పుకోవడం చెల్లదంది. ప్రాణాపాయం ఉంటే తప్ప ఆమె మెలకువ వచ్చేదాకా ఆగాల్సిందేనంది. చికిత్స ఏమిటి, దేనికి, మేలెంత, వేరే దారులేమిటి, ముప్పులేమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పి తీసుకున్నదే సమ్మతి అని తేల్చి చెప్పింది. డాక్టరు దురుద్దేశంతో చేయలేదని ఒప్పుకుంటూనే ఫీజు వదులుకోమంది, 25,000 రూపాయలు పరిహారం ఇమ్మంది. డబ్బు చిన్నదే. నియమం పెద్దది. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా మన పట్టణాల ఆసుపత్రుల్లో భర్త సంతకంతో భార్య ఒంటి మీద కత్తి పెడుతున్నారంటే, ఆ తీర్పు మీ దగ్గరికి చేరలేదా, మీరు చేరనివ్వలేదా?

ఆ తీర్పు పట్ల నాకున్న గౌరవంతోనే ఒక అభ్యంతరం కూడా చెబుతాను. మన దేశంలో వైద్యానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పేదలు, చదువులేని వాళ్లని, వైద్య విషయాలు వాళ్లకు అర్థం కావని, డాక్టరు ఏం చెబితే అది కిమ్మనకుండా ఒప్పుకుంటారని న్యాయమూర్తులు అందులో రాశారు. ఎంత చెప్పాలన్నది వైద్యులు మామూలుగా పాటించే పద్ధతిని బట్టే నిర్ణయిద్దామన్నారు. రోగికి ఏది ముఖ్యమో దాన్ని బట్టి చెప్పాలన్న అమెరికా పద్ధతిని మనకు వద్దన్నారు. ఏ బ్రిటిష్ సంప్రదాయాన్ని ఆనుకుని ఆ మాట అన్నారో, ఆ బ్రిటన్ సుప్రీంకోర్టే 2015లో మాంట్‌గొమరీ కేసులో దాన్ని వదిలేసింది. ఆ కేసులోని తల్లికి మధుమేహం, బిడ్డ పెద్దది, కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఉంది. చెబితే సిజేరియన్ అడుగుతుందని డాక్టరు చెప్పలేదు. రోగి స్థానంలో ఉన్న మనిషి దేన్ని ముఖ్యమనుకుంటుందో అది ఆమెకు చెప్పి తీరాలని అక్కడి కోర్టు తేల్చింది. మనవాళ్లు మాత్రం ఇంకా "చెప్పినా అర్థం కాదు" దగ్గరే ఆగిపోయారు.

అర్థం కాదా? మా మండలంలో డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసేది ఎవరు? చీటీ పాటలో ఎంతకు పాడితే ఎంత నష్టమో, బ్యాంకు అప్పుకు నెలకెంత వడ్డీ పడుతుందో నిమిషంలో లెక్క కట్టేది ఎవరు? బందరువానిపేట, కళింగపట్నం మత్స్యకారుల ఇళ్లలో గాలి తీరు చూసి ఈ రోజు తెప్ప వెయ్యాలా వద్దా అని రోజూ ప్రాణాలతో తేల్చుకునే మనుషులకు ప్రమాదం అంటే ఏమిటో మీరు నేర్పాలా? 2018లో తిత్లీ తుపానుకు ముందు అధికారులు ఊరూరా తిరిగి ఎప్పుడు తీరం దాటుతుందో, ఎక్కడికి పోవాలో చెప్పారు. మా జనం విన్నారు, అర్థం చేసుకున్నారు, ఇళ్లు వదిలి కదిలారు. "నూటికి ఒకరికి ఇలా అవుతుందమ్మా" అని చెబితే ఆ నూటిలో తానుండే వీలుందో లేదో ఆలోచించుకోగలదు ఆ మనిషి. చెప్పి చూశారా? చూడకుండానే అర్థం కాదని తీర్మానించే హక్కు మీకు ఎవరిచ్చారు?

పాలకొండ అవతల కొండల్లోంచి వచ్చే సవర అక్కలకు తెలుగు అంతంత మాత్రమేనని, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లలో ఒడియా మాట్లాడేవాళ్లున్నారని అంటారా? నిజమే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు నూరేళ్లకు ముందే సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మామూలు జనానికి అర్థమయ్యే తెలుగు కోసం జీవితమంతా పండితులతో పోట్లాడారు. ఆయన పుట్టిన జిల్లాలో ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో ఉండటం నాకు మహా అవమానంగా అనిపిస్తుంది. మా శ్రీకూర్మనాథుడి గుడి స్తంభాల మీద తూర్పు గాంగుల నాటి దాన శాసనాలు ఉన్నాయి. సంస్కృతంలో ఉన్నవి ఉన్నా, తెలుగులో చెక్కినవి ఎన్నో. ఎవరు, ఏమిచ్చారు, దేనికిచ్చారు అన్నది నలుగురికీ తెలియాలని రాతి మీద చెక్కించారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట దీపానికి ఇచ్చిన దానానికి పాటించిన మర్యాద, ఈనాడు మనిషి ఒంట్లోంచి అవయవం తీసేటప్పుడు పాటించలేమా?

మీరు "చట్టం కోసం సంతకం" అంటున్నారు. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చాక ఆసుపత్రుల కాగితాలు పేజీలకు పేజీలు పెరిగాయి. ఆ కాగితాలు ఎవరి రక్షణ కోసం పెరిగాయో ఒక్కసారి చదివి చెప్పండి. ఆసుపత్రికి బాధ్యత లేదు, డాక్టరుకు బాధ్యత లేదు, ఏం జరిగినా మాదే పూచీ అని రోగి చేత రాయించుకునే వాక్యాలు ఎన్ని? ఈ ఆపరేషన్‌లో ఏం చేస్తారో చెప్పే వాక్యాలు ఎన్ని? కోర్టు కోసం రాసుకున్న ఆ కాగితం కోర్టులో కూడా నిలవదని సమీరా కోహ్లీ తీర్పే చెబుతోంది. ఇంకెవరిని కాపాడటానికి ఈ తతంగం?

భద్రాచలం సంగతి గుర్తు చేస్తాను, ఎందుకంటే సమ్మతిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో తెలుగు నేల మీద అంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పద్నాలుగు వేల మంది దాకా ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. సమ్మతి పత్రాలు చూస్తే మాత్రం గుండె ఆగిపోతుంది. పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఏ కోయ తల్లి తన కూతురి ఒంట్లోకి వెళ్లే మందుకు ఒప్పుకుంది? వార్డెన్ ఎవరు, ఆ పిల్లకు ఏమవుతారు?

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఆ టీకా మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకూ సిఫారసు చేస్తున్నది. మన ఆడవాళ్లు ఏ క్యాన్సర్ భయంతో ముప్పై అయిదేళ్లకే సంచి తీయించుకుంటున్నారో, దాన్ని చాలావరకు ఆపగలిగేది అదే. ఇవాళ ఆ టీకా పేరెత్తితే "పిల్లల మీద ప్రయోగం చేసినారట" అనే మాట ముందుకొస్తుంది. అడగకుండా చేసిన మంచి పని కూడా అనుమానంగా మిగిలిపోయింది. ఆ అనుమానానికి మూల్యం ఇప్పుడెవరు చెల్లిస్తున్నారు? రేపు మీరే ఆ టీకా వేయించుకోమని చెబితే మా జనం ఎందుకు నమ్మాలి?

అలా నమ్మకం సన్నగిల్లిన చోటు మా దగ్గరలోనూ ఉంది, ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస. 1990ల నుంచి అక్కడ కిడ్నీలు పాడై మనుషులు రాలిపోతున్నారు. కారణం ఇదీ అని ఈరోజుకీ తేలలేదు. ఎన్నో బృందాలు వచ్చాయి, దేశం నుంచీ విదేశాల నుంచీ. నీళ్లు తీసుకెళ్లారు, మట్టి తీసుకెళ్లారు, రక్తం, మూత్రం తీసుకెళ్లారు. "రగతం తీసుకెళ్లినోళ్లు మళ్లీ రాలేదు" అన్న మాట అక్కడ ఊరూరా వినిపిస్తుంది. శాస్త్రం కోసం రక్తం ఇవ్వమంటే ఉద్దానం జనం కాదనరు, ఇన్నేళ్లూ ఇస్తూనే వచ్చారు. వాళ్లు అడిగేది ఒక్కటే: నా రక్తంలో మీరు చూసింది నాకు చెప్పండి. ఆ ఫలితం చీటీ ఇంటికి చేర్చడం పరిశోధనలో భాగం కాదా? పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. భవనం వచ్చింది. పరీక్ష చేయించుకోమంటే "చేయించుకుని ఏటి లాభం, చెప్పరు కదా" అనే మనిషిని ఆ భవనంలోకి నడిపించేది ఏమిటి? డయాలిసిస్ ఎన్నాళ్లు చేయాలో, మానేస్తే ఏమవుతుందో, కిడ్నీ మార్పిడి ఎవరికి వీలవుతుందో మొదటి రోజే చెప్పని డాక్టరు దగ్గరికి ఆ మనిషి రెండోసారి ఎందుకు రావాలి?

మా ఊరికి వచ్చేవాళ్ల సంగతి కూడా మీకు చెప్పాలి. శ్రీకూర్మంలో పితృకర్మలు చేస్తే కాశీలో చేసినంత ఫలమని నమ్మకం. అస్థికలు తీసుకుని శ్వేత పుష్కరిణికి ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. కర్మ అయ్యాక మంటపంలో కూర్చుని వాళ్లు మాట్లాడుకునే మాటలు నా చెవిన పడుతూనే ఉంటాయి. చావు వచ్చినందుకు వాళ్లు మిమ్మల్ని తిట్టరు. "ఆఖరికి ఏ జబ్బో కూడా తెలీలేదు", "బతకడని ముందే చెప్పుంటే ఇంటికి తెచ్చుకుందుం", "రెండెకరాలు అమ్మినాం, దేనికమ్మినామో తెలీదు." ఇవీ వాళ్ల మాటలు. ఐసీయూలో పెట్టి రోజుకు రెండు నిమిషాలు అద్దంలోంచి చూపించి, "పరిస్థితి సీరియస్‌గా ఉంది" అనే ఒక్క వాక్యం పది రోజులు చెబితే, ఆ ఇంట్లో ఏం మిగులుతుంది? చికిత్స ఆపడం కూడా ఒక నిర్ణయమే. ఆ నిర్ణయంలో వాళ్లకు చోటు ఉండొద్దా?

మీ కష్టం తెలియక రాయడం లేదు. ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఒక డాక్టరు ముందు పూట గడిచేసరికి ఎంతమంది నిలబడతారో చూశాను. రాత్రంతా కాన్పులు చేసి పొద్దున్న మళ్లీ ఓపీకి వచ్చే అమ్మాయిలను చూశాను. మీ మీద చేయి చేసుకోవడం నేరం. అందుకు 2008లోనే మన రాష్ట్రంలో ప్రత్యేక చట్టం వచ్చింది. అది కచ్చితంగా అమలు కావాలి. రోగి చనిపోతే అద్దాలు పగలగొట్టేవాళ్లను నేను సమర్థించను. ఒక్క విషయం ఆలోచించండి. ఆ గొడవల్లో ఎన్ని నిజంగా వైద్యం తప్పడం వల్ల మొదలయ్యాయి, ఎన్ని ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్ల మొదలయ్యాయి? నేను దగ్గరగా చూసిన వాటిలో రెండోదే ఎక్కువ. "ఇందాక వరకూ బాగానే ఉందన్నారు" అనే మాటతోనే అలాంటి గొడవలు మొదలవుతాయి. ముప్పు ఉందని ముందే చెప్పిన డాక్టరు ఇంటికి మా జనం తర్వాత కూడా మొదటి కాపు మామిడిపళ్లు పట్టుకెళ్తారు, చనిపోయిన మనిషి కొడుకే పట్టుకెళ్తాడు. ఇది నేను కళ్లారా చూశాను.

టైము లేదంటారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి ఏం చెప్పిందో చూడండి. ఆ మనిషికి అర్థమయ్యే భాషలో వివరాలు చెప్పాలి, చెప్పినట్టు శిక్షణ పొందిన కౌన్సెలర్ ధ్రువీకరించాలి, ఆలోచించుకోవడానికి గంట సేపైనా వదలాలి. పెళ్లయిన ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకునే రాష్ట్రం మనది. ఒక గంట. ఆ గంట ఈ రెండు జిల్లాల్లో ఎన్ని ఆసుపత్రుల్లో ఇస్తున్నారు? అనవసరపు గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మార్గదర్శకాలు మీ ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చాయా? రోగుల హక్కుల పత్రంలో జాతీయ మానవ హక్కుల సంఘం 17 హక్కులు రాసింది. వాటిని తెలుగులో గోడకు అంటించిన ఆసుపత్రిని నేను ఇంతవరకు చూడలేదు. ఫీజుల బోర్డు, డాక్టరు డిగ్రీల బోర్డు, కార్డులు తీసుకోబడును అన్న బోర్డు మాత్రం ఉంటాయి.

మేము అడుగుతున్నవి మీ చేతిలో ఉన్నవే, కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. ముందే నిర్ణయించిన ఆపరేషన్ అయితే సమ్మతి పత్రం ముందు రోజే ఇవ్వండి, ఇంటికి తీసుకెళ్లి చదివించుకోనివ్వండి. తెలుగులో ఇవ్వండి, ఆసుపత్రి తెలుగులో కాదు, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో. చదువు రాని వాళ్లకు ఎవరు చదివి వినిపించారో వాళ్ల పేరు అందులో ఉండాలి. ఒంటి మీద కోత పడేది ఎవరికో వాళ్లనే అడగండి, భర్తను, అన్నను, ఆర్‌ఎంపీని కాదు. చెప్పాక "ఏం అర్థమైందమ్మా, మీ మాటల్లో చెప్పండి" అని ఒక్కసారి అడగండి, సగం తప్పులు అక్కడే బయటపడతాయి. వద్దంటే కోప్పడకండి. ఇంకో డాక్టరుకు చూపించుకుంటామంటే రిపోర్టులు చేతిలో పెట్టండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మీ నియమావళిలోనే ఉంది కదా, దానికి కూడా మేము బతిమాలుకోవాలా? ప్రభుత్వ పథకం కింద ఆపరేషన్లు చేసే ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఎలాగూ ఉన్నారు. కార్డు నంబరు రాసుకోవడంతో వాళ్ల పని ఎందుకు ఆగిపోవాలి? సవర తెలిసిన ఒక మనిషిని, ఒడియా తెలిసిన ఒక మనిషిని పెట్టుకోవడం మీ ఆసుపత్రికి ఎంత భారం?

ప్రాణం మీదికొచ్చిన రోగి విషయంలో ఇవేవీ వర్తించవు. రక్తం కారుతున్న మనిషిని పక్కన పెట్టి కాగితం చదవమని ఎవరూ అడగరు. ఆ మినహాయింపును చట్టమూ ఇచ్చింది, మేమూ ఇస్తాం. అది నూటికి ఎందరి విషయంలో అన్నదే ప్రశ్న. తేదీ, టైము ముందే రాసి, ఉపవాసం ఉండమని చెప్పి, డబ్బు కట్టించుకుని చేసే ఆపరేషన్ ఎమర్జెన్సీ ఎలా అవుతుంది?

శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ భారత వైద్య సంఘం శాఖలున్నాయి. మీ వచ్చే సమావేశంలో ఈ ఒక్క విషయాన్ని చర్చకు పెట్టండి. గర్భసంచి ఆపరేషన్‌కు, సిజేరియన్‌కు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు, డయాలిసిస్‌కు ఉమ్మడి తెలుగు సమ్మతి పత్రం ఒక్కోటి తయారుచేయండి. అచ్చు వేయించే ముందు మా మండలం మహిళా సంఘాల వాళ్లకు చదివి వినిపించండి. ఎక్కడ అర్థం కాలేదో వాళ్లు చెబుతారు, మీరు దిద్దండి. మీరు మా ఊరికి వచ్చినా సరే, మమ్మల్ని రమ్మన్నా సరే. ఏ రోజు, ఎక్కడో చెప్పండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయురాలు,
శ్రీకూర్మం, గార మండలం,
శ్రీకాకుళం జిల్లా